ఇంజనీర్ల నవలలు, ఎడిటర్ల జాబితాలు

గత మూడు నాలుగు నెలలుగా పని కాస్త తేలిగ్గా ఉండటంతో వరసపెట్టి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ చదువుతున్నాను. ఒక పద్ధతీ పాడూ లేకుండా ఏది దొరికితే అది. జమ్యాతిన్ రాసిన 'వి' (అంటే 'మేము'), స్ట్రుగాట్‌స్కీ సోదరుల 'రోడ్‌సైడ్ పిక్నిక్', లియు త్సిషిన్ 'త్రీ బాడీ ప్రాబ్లం', చివర్లో ఆర్.ఎఫ్. కువాంగ్ 'బేబెల్'. నాలుగూ అయిపోయాక తీరిగ్గా వెనక పేజీల్లో ఉండే అనుబంధాలు, అనువాదకుల మాటలు చదువుతుంటే ఒక సంగతి తట్టింది. నాలుగింటి వెనకా ఎవరో ఒకరు కూర్చుని "ఇది వద్దు" అన్న కథ ఒకటుంది. ఆ కథలు కూడా నవలలంత ఆసక్తిగానే ఉన్నాయి. ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే.

ఇంకో సంగతి. ఈ నాలుగింట్లో మూడు పుస్తకాలు మన జాతి వాళ్ళు రాసినవి. అంటే ఇంజనీర్లు అన్నమాట :) ఒకాయన ఓడలు కట్టేవాడు, ఒకాయన అబ్జర్వేటరీలో లెక్కల యంత్రాలు చూసుకునేవాడు, ఇంకొకాయన పవర్ ప్లాంట్‌లో కంప్యూటర్ ఇంజనీరు. ఇంజనీర్లకి కథలు రావని ఎవరన్నా అంటే ఈ లిస్టు చూపించండి.

ముందే చెప్తున్నాను, కథలు కొంత బయటపెట్టక తప్పదు. ఇంకా చదవని వాళ్ళు మీ ఇష్టం మరి.

మొదట జమ్యాతిన్. యెవ్‌గెనీ జమ్యాతిన్ 1884లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లో ఓడల నిర్మాణం చదివాడు. చదివేటప్పుడే బోల్షివిక్ పార్టీలో చేరి, 1905 విప్లవంలో జార్ పోలీసుల చేతిలో పడి జైలుకెళ్ళాడు. 1916లో రష్యా ప్రభుత్వం ఆయన్ని ఇంగ్లండులోని న్యూకాసిల్‌కి పంపింది. అక్కడ రష్యా కోసం మంచుని పగలగొట్టే ఓడలు కడుతున్నారు, ఆ పని దగ్గరుండి చూసుకోవాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆన్‌సైట్. ఆ ఓడల్లో ఒకటైన 'క్రాసిన్' ఇప్పటికీ పీటర్స్‌బర్గ్‌లో మ్యూజియంగా నిలబడి ఉంది. మనం రాసిన కోడ్ అయిదేళ్ళు బతికితే గొప్ప.

1917లో విప్లవం రాగానే తిరిగి వెళ్ళిపోయాడు. 1920, 21లో 'మేము' రాశాడు. వెయ్యేళ్ళ తర్వాతి కథ. మనుషులకి పేర్లుండవు, నంబర్లే. ఇళ్ళన్నీ గాజువి, ఎవరేం చేస్తున్నారో అందరికీ కనపడాలి. పొద్దున ఒకే నిమిషంలో లక్షలమంది లేస్తారు, ఒకే నిమిషంలో ముద్ద నోట్లో పెట్టుకుంటారు, ముద్దకి యాభైసార్లు నమలాలని రూలు. దీన్నంతా నడిపే పట్టిక ఒకటుంటుంది, రోజులో రెండే రెండు గంటలు సొంతానివి. హీరో నంబర్ డి-503 అంతరిక్షనౌక కట్టే ఇంజనీరు. ప్రాచీన సాహిత్యంలో అతనికి బాగా నచ్చిన గొప్ప గ్రంథం ఏమిటో తెలుసా? రైల్వే టైంటేబుల్!

నవలలో పాతకాలం మేధావుల్లో అందరికన్నా గొప్పవాడిగా పదేపదే పొగిడేది ఎవర్ని అంటే టేలర్‌ని. ఫ్రెడరిక్ టేలర్ అమెరికన్ ఇంజనీరు. స్టాప్‌వాచ్ పట్టుకుని పనివాళ్ళ వెనక నిలబడి ఏ పనికి ఎన్ని సెకన్లు పట్టాలో లెక్కగట్టిన మనిషి. 1911లో ఆ పద్ధతి మీద పుస్తకం రాశాడు. పెట్టుబడిదారీ దేశంలో పుట్టిన ఈ పద్ధతి కార్మిక రాజ్యానికి భలే నచ్చింది. టేలర్ పద్ధతిని నేర్చుకోవాలని 1918లో లెనినే రాశాడు. 1920లో గాస్తెవ్ అనే కార్మిక కవి ఏకంగా మాస్కోలో ఒక సంస్థ పెట్టి, సుత్తి ఎలా ఎత్తాలి, ఎలా దించాలి అని కొలతలు మొదలుపెట్టాడు. జమ్యాతిన్ వెక్కిరించింది వీళ్ళందర్నీ. ప్రతి అరగంటకీ ఏం చేశామో టైంషీట్‌లో నింపే మనకి ఈ వెక్కిరింత ఎవరూ వివరించక్కర్లేదు. గాస్తెవ్‌ని తర్వాత ఆ రాజ్యమే 1938లో అరెస్టు చేసి 1939లో కాల్చి చంపింది. అదింకో కథ.

జమ్యాతిన్ పుస్తకం సోవియట్ దేశంలో అచ్చుకాలేదు. 1922లో అక్కడ 'గ్లావ్‌లిత్' అని సెన్సారు శాఖ పెట్టారు. దాదాపు ఏది అచ్చవ్వాలన్నా దాని ముద్ర పడాల్సిందే. అదే 1922లో జమ్యాతిన్‌ని మళ్ళీ అరెస్టు చేశారు. జార్ కాలంలో ఏ జైల్లో ఏ వరండాలో పెట్టారో, విప్లవం తర్వాత తీసుకెళ్ళి అక్కడే పెట్టారు! ఇది నవలలో రాస్తే అతిగా ఉందని ఎడిటర్ కొట్టేస్తాడు. కాకతాళీయమే గానీ, మన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాసింది కూడా 1922లోనే. దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో ఎన్ని రాతప్రతులు ఎన్ని బీరువాల్లో పడ్డాయో.

'మేము' ఇంగ్లీషులో 1924లో న్యూయార్కులో వచ్చింది. అంటే రాసిన భాష కంటే ముందు పరాయి భాషలో. 1927లో ప్రేగ్ నుంచి వెలువడే ప్రవాస రష్యన్ల పత్రికలో కొన్ని భాగాలు రష్యన్‌లో వచ్చాయి. 1929లో దాన్ని సాకుగా పెట్టుకుని ఆయన మీద విరుచుకుపడ్డారు. నాటకాలు ఆగిపోయాయి, పుస్తకాలు లైబ్రరీల నుంచి మాయమయ్యాయి. 1931లో నేరుగా స్టాలిన్‌కే ఉత్తరం రాశాడు, రచయితకి రాయనివ్వకపోవడం మరణశిక్షతో సమానం, నన్ను దేశం దాటనివ్వండి అని. గోర్కీ అడ్డుపడి మాట సాయం చెయ్యడంతో విచిత్రంగా ఒప్పుకున్నారు. 1937లో పారిస్‌లో చనిపోయాడు. ఆ పుస్తకం సోవియట్ దేశంలో అచ్చయింది 1988లో. రాసిన అరవై ఏడేళ్ళకి.

ఆర్వెల్ దీన్ని ఫ్రెంచి అనువాదంలో చదివి 1946లో సమీక్ష రాశాడు. ఆ తర్వాతే 1949లో '1984' వచ్చింది. రెండూ చదివితే చుట్టరికం తెలిసిపోతుంది. నన్నడిగితే ఆర్వెల్ నవల గట్టిది, జమ్యాతిన్ నవల చురుకైనది. '1984'లో రాజ్యం మనిషిని కొట్టి లొంగదీస్తుంది. 'మేము'లో ఆపరేషన్ చేసి ఊహాశక్తిని తీసేస్తుంది, అపెండిక్స్ తీసినట్టు. ఆ తర్వాత హీరో ఎంత ప్రశాంతంగా ఉంటాడో, తను ప్రేమించిన మనిషిని కళ్ళ ముందు హింసిస్తుంటే ఎలా చూస్తుంటాడో ఆ చివరి రెండు పేజీలు చదివాక నేను ఆ పూట ఇంకేం చదవలేకపోయాను.

సరే, ఇక్కడ సెన్సారు పద్ధతి సూటిగా ఉంది. పుస్తకం అచ్చు వెయ్యం, అంతే. స్ట్రుగాట్‌స్కీల దగ్గరకొచ్చేసరికి పద్ధతి మారింది. నాకు ఎక్కువ నచ్చింది, అంటే ఎక్కువ ఒళ్ళు మండింది, ఈ కథలోనే.

అర్కాదీ పెద్దవాడు, 1925లో పుట్టాడు. బోరిస్ చిన్నవాడు, 1933. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలి చూసిన కుటుంబం. 1942లో తండ్రి, అర్కాదీ గడ్డకట్టిన సరస్సు మీదుగా బయటపడ్డారు, తండ్రి దారిలో చనిపోయాడు. తల్లి, బోరిస్ ఊళ్ళోనే ఉండిపోయి బతికారు. అర్కాదీ సైన్యంలో జపనీస్ నేర్చుకుని అనువాదకుడయ్యాడు. బోరిస్ ఖగోళశాస్త్రం చదివి పుల్కొవో అబ్జర్వేటరీలో లెక్కల యంత్రాల దగ్గర ఇంజనీరుగా పనిచేశాడు. 1957లో స్పుత్నిక్ ఎగిరాక దేశమంతా అంతరిక్షం పిచ్చి, సైన్స్ ఫిక్షన్‌కి మహా గిరాకీ. అన్నదమ్ములిద్దరూ ఆ గాలిలో పైకొచ్చారు. 1965లో వచ్చిన 'సోమవారం శనివారమే మొదలవుతుంది' అనే నవలలో హీరో ఎవరనుకున్నారు? లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్! మంత్రవిద్యల పరిశోధన సంస్థలో కంప్యూటర్ నడిపే ఉద్యోగం. మనందరం చదవాల్సిన పుస్తకం అది, పండగ రోజు కూడా ఆఫీసుకొచ్చే జనం గురించి. కాకపోతే వాళ్ళు ఇష్టంగా వస్తారు.

'రోడ్‌సైడ్ పిక్నిక్' 1971లో రాశారు. గ్రహాంతరవాసులు భూమ్మీద ఆరు చోట్ల దిగి, ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోతారు. వాళ్ళు దిగిన చోట్లని 'జోన్' అంటారు. అక్కడ భౌతికశాస్త్రం పనిచెయ్యదు. ఏవేవో వస్తువులు పడుంటాయి, కొన్ని అద్భుతాలు, కొన్ని ముట్టుకుంటే చావే. అవేమిటో ఎవరికీ తెలీదు. నవలలో ఒక శాస్త్రవేత్త చెప్పే ఊహే పుస్తకానికి పేరు: కార్లో వెళ్ళేవాళ్ళు రోడ్డు పక్కన ఆగి, తిని, తాగి, చెత్త పడేసి పోతారు. పొద్దున్నే చీమలు, పిట్టలు, కప్పలు వచ్చి ఆ చెత్త చూసి బిత్తరపోతాయి. ఆ చీమలం మనం. వాళ్ళు మనల్ని చూడను కూడా చూడలేదు. గ్రహాంతరవాసుల మీద నేను చదివిన వాటిల్లో ఇంత అవమానకరమైన ఊహ ఇంకోటి లేదు, ఇంత నమ్మబుద్ధయ్యేదీ లేదు.

రాత్రుళ్ళు ఆ జోన్‌లోకి దొంగతనంగా వెళ్ళి వస్తువులు తెచ్చి అమ్ముకునేవాళ్ళు 'స్టాకర్లు'. హీరో రెడ్ అలాంటివాడే. తాగుతాడు, బూతులు మాట్లాడతాడు, కూతుర్ని ప్రాణంలా చూసుకుంటాడు. ఆ కూతురు జోన్ ప్రభావంతో మామూలు పిల్లలా పుట్టలేదు, రోజురోజుకీ మనిషితనం పోతుంటుంది. ఆ ఇంటి సన్నివేశాలు చదువుతుంటే ఇది సైన్స్ ఫిక్షన్ అన్న మాటే మర్చిపోతాం.

'స్టాకర్' మాట పుట్టుక ఇంకో వింత. బోరిస్ రాసిన వెనుకమాటలో ఉంది. అర్కాదీకి కిప్లింగ్ 1899లో రాసిన 'స్టాకీ అండ్ కో' అంటే ప్రాణం, సరదాకి తనే అనువదించుకున్నాడు కూడా. అందులోని స్టాకీ అనే కుర్రాడి పేరు నుంచి వచ్చింది ఈ మాట. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ తన బడి స్నేహితుడు డన్‌స్టర్‌విల్‌ని చూసి ఆ పాత్ర రాశాడు. ఆ డన్‌స్టర్‌విల్ పెద్దయ్యాక ఇండియాలో సైన్యంలో పనిచేసి, 1918లో బ్రిటిష్ దళంతో బాకూ మీదకి కూడా వెళ్ళాడు. ఎక్కడి దారం ఎక్కడ తేలిందో చూడండి.

నవల 1972లో 'అవ్రోరా' అనే పత్రికలో సీరియల్‌గా వచ్చేసింది. ఇబ్బందేం రాలేదు. పుస్తకంగా వేద్దామని 'మొలొదయా గ్వార్దియా' అనే ప్రచురణ సంస్థకి ఇచ్చారు. అక్కడ మొదలైంది. పుస్తకం వచ్చింది 1980లో. ఎనిమిదేళ్ళు!

అంతకుముందు 1969లో వచ్చిన 'జనావాస ద్వీపం' విషయంలోనే వాళ్ళకి రుచి తెలిసింది. అందులో హీరో రష్యన్. రష్యన్ కుర్రాడికి అలాంటి కష్టాలు వచ్చినట్టు చూపిస్తే బావుండదని ఇంటిపేరు రొస్తిస్లావ్‌స్కీ తీసేసి కామెరెర్ అని జర్మన్ పేరు పెట్టించారు. 1972లో ఇంకో దెబ్బ తగిలింది. వీళ్ళ 'వికృత హంసలు' నవలని పశ్చిమ జర్మనీలో ప్రవాసుల సంస్థ ఒకటి, వీళ్ళకి చెప్పకుండానే అచ్చు వేసేసింది. ఇక్కడ వీళ్ళ మీద అనుమానం ముదిరింది. అదే ఏడాది రాయడం పూర్తయిన 'నాశనమైన నగరం' అనే నవలనయితే అచ్చుకి ఇవ్వనేలేదు. ప్రతులు నమ్మకమైన స్నేహితుల దగ్గర దాచారు. అది వెలుగు చూసింది 1988, 89లో. మన బ్యాకప్ పాలసీ అన్నమాట, కాకపోతే వాళ్ళది డిస్క్ క్రాష్ అవుతుందన్న భయం కాదు.

కానీ 'పిక్నిక్' విషయంలో ప్రచురణ సంస్థ వాళ్ళు రాజకీయం గురించి మాట్లాడలేదు. మాట్లాడ్డానికి పెద్దగా ఏముంది? కథ జరిగేది సోవియట్ దేశంలో కాదు, ఎక్కడో పెట్టుబడిదారీ దేశంలో హార్మంట్ అనే ఊళ్ళో. అక్కడ దొంగ వ్యాపారం, తాగుడు, డబ్బు పిచ్చి చూపిస్తే పార్టీకి సంతోషమే కదా అనుకుంటాం. వాళ్ళు పంపినవి జాబితాలు. మూడు శీర్షికలు: పాత్రల అనైతిక ప్రవర్తనకి సంబంధించినవి, శారీరక హింసకి సంబంధించినవి, మోటు మాటలకీ యాసకీ సంబంధించినవి. ఒక్కో దాని కింద వరసగా పేజీ నంబర్లు, వాక్యాలు. ఇక్కడ తాగాడు, ఇక్కడ తిట్టాడు, ఇక్కడ కొట్టాడు. బోరిస్ ఆ జాబితాల్లోంచి నమూనాలు వెనుకమాటలో ఇచ్చారు. అవి చదువుతుంటే నాకు అచ్చం కోడ్ రివ్యూ కామెంట్లు గుర్తొచ్చాయి. మీకూ అనుభవమే అయ్యుంటుంది. డిజైన్ నచ్చలేదని సూటిగా చెప్పడం ఇష్టంలేని రివ్యూయర్ ఏం చేస్తాడు? స్పేసులు సరిగా లేవంటాడు, వేరియబుల్ పేరు బాలేదంటాడు, కామెంట్లో స్పెల్లింగ్ తప్పంటాడు. నలభై కామెంట్లు పెడతాడు. అన్నీ సరిచేసి పంపితే ఇంకో నలభై. ప్రతి కామెంటూ విడిగా చూస్తే న్యాయంగానే కనపడుతుంది. మొత్తమ్మీద ఫీచర్ మాత్రం రిలీజ్ కాదు.

బోరిస్ చెప్పేదాన్ని బట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ ఎడిటర్లలో చాలామంది దుర్మార్గులేం కాదు. యువకులు చదివే పుస్తకంలో మనుషులు మర్యాదగా మాట్లాడాలి, చక్కగా ఉండాలి అని నిజంగా నమ్మినవాళ్ళు. చిక్కంతా అక్కడే ఉంది. రెడ్ మర్యాదగా మాట్లాడితే రెడ్ ఉండడు. అడుగున పడిపోయిన మనిషి అడుగు భాషే మాట్లాడతాడు. ఆ భాష తీసేస్తే నవలలో మిగిలేది గ్రహాంతర వస్తువుల కేటలాగు. మన మాండలికంలో రాసిన కథల్ని 'శిష్టంగా' దిద్దుతామన్న సంపాదకులు మనకీ తక్కువేం కాదు, అందుకని ఇది తొందరగా అర్థమవుతుంది.

ఇంకో చిత్రం. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మాస్కో నుంచి ఓడల్లో మనకి తెలుగు పుస్తకాలు వచ్చేవి. విశాలాంధ్ర షాపుల్లో కారుచౌక, గట్టి అట్టలు, చక్కటి బొమ్మలు. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటివాళ్ళు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. మా నాన్న తరంలో చదువుకున్న చాలామంది ఇళ్ళల్లో ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి, మా ఇంట్లోనూ ఒక అట్టపెట్టెడు ఉన్నాయి. వాటి మీద నాకూ ప్రేమే. కానీ ఆంధ్ర దేశంలో పల్లెటూరి పిల్లాడికి కూడా పుస్తకం అందించగలిగిన ఆ యంత్రాంగం, సొంత ఊళ్ళో బాగా పేరున్న ఇద్దరు రచయితల నూటయాభై చిల్లర పేజీల నవల బయటికి రావడానికి ఎనిమిదేళ్ళు తిప్పింది. ఈ రెండూ ఒకే దేశం చేసిన పనులు.

1980లో వచ్చిన పుస్తకం కోతలు పడ్డదే. ఈలోగా 1977లో అమెరికాలో ఇంగ్లీషు అనువాదం వచ్చేసింది, 1979లో తార్కోవ్‌స్కీ 'స్టాకర్' సినిమా కూడా వచ్చేసింది. స్క్రిప్టు అన్నదమ్ములే మళ్ళీ మళ్ళీ తిరగరాశారు. సినిమాలో నవల దాదాపు లేదు, జోన్ ఒక్కటే మిగిలింది. చాలామందికి అది మహా కావ్యం. నాకు మాత్రం నవలలోని తాగుబోతు రెడ్డే కావాలి, సినిమాలోని సన్యాసి కాదు. కోతలు లేని అసలు పాఠం నుంచి ఓలెనా బోర్మషెంకో చేసిన అనువాదం 2012లో వచ్చింది. చదివితే అదే చదవండి. బోరిస్ కూడా ఆ ఏడాదే చనిపోయాడు. అర్కాదీ 1991లోనే పోయాడు.

'స్టాకర్' మాటకి ఆ తర్వాత ఏమైందో చెప్పి ముందుకెళ్తాను. 1986 ఏప్రిల్లో చెర్నోబిల్ పేలింది. చుట్టూ ముప్ఫై కిలోమీటర్లు ఖాళీ చేయించి దాన్నీ జోన్ అన్నారు. దొంగచాటుగా అందులోకి వెళ్ళేవాళ్ళు తమని తాము స్టాకర్లు అనుకున్నారు. 2007లో ఉక్రెయిన్ కంపెనీ ఒకటి రెంటినీ కలిపి వీడియో గేమ్ చేసింది. మనలో చాలామంది హాస్టల్లో ఆడిందే. నేనూ పుస్తకం కంటే ముందు ఆ గేమ్ ద్వారానే ఈ పేరు విన్నాను.

ఇక చైనా. 1983లో అక్కడ 'ఆధ్యాత్మిక కాలుష్యం' మీద ఉద్యమం అని ఒకటి నడిపారు. సైన్స్ ఫిక్షన్ కూడా కాలుష్యం లెక్కలోకి వచ్చింది. పత్రికలు మూతపడ్డాయి. చెంగ్డులో 1979లో మొదలైన ఒక పత్రిక మాత్రం కిందా మీదా పడి బతికింది. తర్వాత దాని పేరే 'సైన్స్ ఫిక్షన్ వరల్డ్' అయింది. అందులోనే 2006లో 'త్రీ బాడీ ప్రాబ్లం' సీరియల్‌గా వచ్చింది.

లియు త్సిషిన్ 1963లో పుట్టాడు. షాన్‌షీ రాష్ట్రంలో ఒక విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీరుగా చాలా ఏళ్ళు పనిచేశాడు. చిన్నప్పుడు నాన్న మంచం కింద పెట్టెలో దాచిన జూల్స్ వెర్న్ పుస్తకం దొరికి ఈ పిచ్చిలో పడ్డాడట. దాచడం ఎందుకంటే అది సాంస్కృతిక విప్లవం నడుస్తున్న కాలం.

నవల ఇంగ్లీషులో తెరిస్తే మొదటే 1967. ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌ని వేదిక ఎక్కించి, సాపేక్ష సిద్ధాంతం బోధించినందుకు ఆడపిల్లలు, పద్నాలుగేళ్ళ వాళ్ళు కూడా, బెల్టులతో కొట్టి చంపుతారు. జనంలో నిలబడి కూతురు చూస్తుంటుంది. ఆ కూతురే తర్వాత ఎప్పుడో గ్రహాంతరవాసులకి జవాబు పంపుతుంది, రండి, మా వల్ల కాదు అని. కథంతా ఆ ఒక్క జవాబు మీద నిలబడింది. ఆ రోజు వేదిక ముందు ఆమె ఏం చూసిందో మనకి తెలిస్తేనే ఆ జవాబు అర్థమవుతుంది.

2008లో వచ్చిన చైనా పుస్తకంలో ఆ అధ్యాయాలు మొదట్లో లేవు, ఎక్కడో మధ్యలో ఉన్నాయి. మొదట్లో పెడితే రాజకీయంగా కళ్ళల్లో పడుతుందని ప్రచురణకర్తలు లోపలికి జరిపారు. అనువాదకుడు కెన్ లియు అవి ముందుకి తెద్దామా అని అడిగితే, నేను మొదట అనుకున్నది అదే అని రచయిత సంతోషంగా ఒప్పుకున్నాడు. అలా 2014లో ఇంగ్లీషు పాఠకుడికి అసలు క్రమం దొరికింది. 2015లో హ్యూగో అవార్డు, ఆసియా రచయిత నవలకి అదే మొదటిసారి. గమనించండి, ఇక్కడ ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యలేదు. వరస మార్చారు, అంతే. కోత కనపడదు. జమ్యాతిన్‌కి చేసినదాని కంటే, స్ట్రుగాట్‌స్కీలకి చేసినదాని కంటే ఇది ఎంతో తెలివైన పని.

అలాగని లియుని తిరుగుబాటుదారుడు అనుకోకండి. 2019లో ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింల నిర్బంధాన్ని ఆయన సమర్థించాడు. కొట్టి చంపిన గుంపుని అంత నిజాయితీగా రాసిన మనిషేనా అనిపించింది నాకు. పుస్తకం మీద ఇష్టం పోలేదు గానీ, ఆయన ఫొటో అంతకుముందులా చూడలేకపోతున్నాను.

చివరిది 'బేబెల్'. ఇది ఫాంటసీ. 1830ల ఆక్స్‌ఫర్డ్. వెండి కడ్డీకి ఒకవైపు ఒక భాషలో మాట, ఇంకోవైపు దానికి ఇంకో భాషలో అనువాదం చెక్కుతారు. అనువాదంలో ఏ అర్థం జారిపోతుందో అదే మంత్రశక్తిగా పనిచేస్తుంది. ఆ శక్తితో ఓడలు, మిల్లులు, సామ్రాజ్యం నడుస్తుంటాయి. అందుకోసం కాంటన్ నుంచి, కలకత్తా నుంచి పిల్లల్ని తెచ్చి చదివిస్తారు. ఇది చదివినన్నాళ్ళూ నా బుర్రలో ఒకటే ఆట. ఒకవైపు 'ఎంగిలి' అని చెక్కి ఇంకోవైపు ఇంగ్లీషులో ఏది చెక్కినా, జారిపోయిన అర్థంతో ఒక థర్మల్ స్టేషన్ నడపొచ్చు :) నవలగా కొన్నిచోట్ల ఉపన్యాసం ఎక్కువైంది, దుర్మార్గులు మరీ దుర్మార్గులు. అయినా నల్లమందు యుద్ధానికి ముందు రోజుల్ని అనువాదకుల వైపు నుంచి చూపించడం మామూలు విషయం కాదు. తిట్టిందంతా బ్రిటిష్ వాళ్ళని. చైనా ప్రభుత్వానికి నొప్పి కలిగించేది నాకైతే ఒక్క పేజీ కనపడలేదు.

2023లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలు అదే చెంగ్డులో జరిగాయి. ఒకప్పుడు మూతపడబోయిన పత్రిక ఊరు! హ్యూగో అవార్డులు అక్కడే ఇచ్చారు. అప్పటికే నెబ్యులా గెలుచుకున్న 'బేబెల్' తుది జాబితాలో లేకపోవడం చాలామందికి వింతగా తోచింది. 2024 జనవరిలో ఓట్ల లెక్కలు బయటపెడితే అందులో 'బేబెల్' పేరు ఎదురుగా 'అర్హత లేదు' అని ఉంది. ఇంకో చైనా సంతతి కెనడా రచయిత పేరు ఎదురుగా అదే, 'శాండ్‌మాన్' సీరియల్‌లో ఒక ఎపిసోడ్‌కీ అదే, ఒక అమెరికన్ అభిమాని సమీక్షకుడికీ అదే. కారణం ఏమీ లేదు.

ఫిబ్రవరిలో లోపలి ఈమెయిళ్ళు బయటికొచ్చాయి. వాటిని రాసింది బీజింగ్ అధికారులు కాదు. అవార్డుల పని చూసే అమెరికా, కెనడా వలంటీర్లు. సాటి అభిమానులు, దశాబ్దాలుగా ఈ పుస్తకాలే చదువుతున్నవాళ్ళు. నామినేషన్ వచ్చిన ఒక్కొక్కరి ట్వీట్లు, రాతలు, ప్రయాణాలు వెతికి, చైనా వాళ్ళకి ఇబ్బంది కలిగించేవి ఏమన్నా ఉన్నాయా అని నోట్సు తయారుచేశారు. ఆ సమీక్షకుడి పేరు కింద టిబెట్ వెళ్ళొచ్చాడని రాశారు. ఆయన వెళ్ళింది నేపాల్‌కి.

నేను ఆ మధ్య ఆఫీసు న్యూస్‌లెటర్ కోసం 'మేము' నవల మీద ఒక పేజీ రాసిచ్చాను. అందులో టైంషీట్ల మీద రెండు లైన్లుండేవి. అచ్చయి వచ్చాక చూస్తే ఆ రెండు లైన్లూ లేవు. న్యూస్‌లెటర్ చూసే కొలీగ్‌ని అడిగాను, పైవాళ్ళు ఎవరన్నా తీసెయ్యమన్నారా అని. "లేదు బాస్, ఎవరూ చూడను కూడా చూడలేదు. ఎందుకొచ్చిన గొడవలే అని నేనే తీసేశా" అన్నాడు. ఆ ఈమెయిళ్ళు చదువుతుంటే నాకు అచ్చంగా ఆ గొంతే వినిపించింది.

'బేబెల్'ని ఎందుకు తీసేశారో తనకి గానీ తన వాళ్ళకి గానీ ఏ కారణమూ చెప్పలేదని కువాంగ్ అప్పుడే ప్రకటించారు. సోవియట్ ఎడిటర్లు కనీసం పేజీ నంబర్లతో సహా మూడు జాబితాలు పంపారు.